జిమ్ చీకటికి పుట్టిన తేదీ

అమెరికాలో స్కూలు వాలీబాల్ మ్యాచ్‌లకు కెమెరా పట్టుకుని వెళ్లేవాళ్లందరి ఫిర్యాదూ ఒకటే: జిమ్‌లో వెలుతురు చాలదు. ఊరి పత్రిక ఫొటోగ్రాఫరైనా, బడి వార్షిక సంచికకు బొమ్మలు తీసే విద్యార్థి అయినా, కూతురి ఆట తీసుకుందామని వచ్చిన తండ్రి అయినా ఆ మాట అనకుండా ఇంటికి పోరు. ఆ తండ్రుల్లో ఇప్పుడు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ ఫిర్యాదు ఎంత పాతబడిందంటే, జిమ్ కట్టిననాడే గోడలతో పాటు వెలుతురు కొరతనూ కట్టారేమో అనిపిస్తుంది. కానీ దానికీ ఒక చరిత్ర ఉంది. 1930ల్లో, 40ల్లో ఇలాంటి హాళ్లలోనే ఆటల ఫొటోలు తీసినవాళ్లకు పైన వేలాడే దీపాలతో పెద్దగా పని లేదు. అవి వెలుగుతున్నాయా, సగం మాడిపోయాయా అన్నది వాళ్ల నెగెటివ్ మీద కనబడేది కాదు. హాలు వెలుతురు ‘చాలకపోవడం’ ఆ తర్వాత, ఫొటోగ్రాఫర్ తన దీపాన్ని ఇంటి దగ్గర వదిలేసి రావడం మొదలుపెట్టాక పుట్టిన ఇబ్బంది. దీపాన్ని ఎందుకు వదిలేశాడు, వదిలేసినందుకు పడిన ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడింది అన్నవి విడదీసి చూస్తే, మనం సాంకేతిక లోపం అనుకుంటున్నదాంట్లో అభిరుచి పాలు, డబ్బు పాలు ఎంతో తెలుస్తుంది.

వాలీబాల్ పుట్టుకతోనే పైకప్పు కింది ఆట. 1895లో మసాచుసెట్స్ రాష్ట్రం హోలియోక్ ఊళ్లో వైఎంసీఏ వ్యాయామ శిక్షకుడు విలియం మోర్గాన్ దీన్ని తయారుచేశాడు. దానికి నాలుగేళ్ల ముందు పక్కనే ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ పుట్టించిన బాస్కెట్‌బాల్ మరీ ఒళ్లు హూనం చేస్తోందని, పని ముగించుకుని సాయంత్రం వచ్చే నడివయసు వ్యాపారులకు కాస్త నిదానమైన ఆట కావాలని ఆయన ఉద్దేశం. మంచు కురిసే నెలల్లో, దీపాల వేళ ఆడుకోవాల్సిన ఆట అన్నమాట. మన వైపుకు అదే వైఎంసీఏ ద్వారా వచ్చినా ఇక్కడ అది గోడలు దాటి బయటికి వచ్చేసింది. బడి మైదానంలో రెండు గుంజలు పాతి, సున్నంతో గీతలు గీసి ఆడే ఆటగానే మనకు పరిచయం. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్న పి.వి. రమణ తరం వరకూ మన ఆటగాళ్లలో చాలామంది ఎండలోనే నేర్చుకున్నారు. అందుకే ‘వాలీబాల్ ఫొటోకు వెలుతురు లేదు’ అంటే మన పల్లెల్లో ఎవరికీ వెంటనే తలకెక్కదు. ఆ సమస్య, ఈ ఆట పుట్టింట్లోనే ఉండిపోయిన చోటిది.

లోపలి ఆటను ఫొటో తీయడానికి మొదట దొరికింది మెగ్నీషియం పొడి. 1887లో జర్మనీలో మీతే, గేడికె అనే ఇద్దరు దాన్ని ఇతర రసాయనాలతో కలిపి ఫ్లాష్ పౌడరుగా మార్చారు. వెలుగుతో పాటు హాలు నిండా తెల్లటి పొగ వచ్చేది కాబట్టి, జట్టును వరసగా నిలబెట్టి ఒక్క ఫొటో తీయడానికే తప్ప ఆట మధ్యలో అది పనికొచ్చేది కాదు. అసలు మార్పు 1929, 30ల్లో వచ్చింది. ముందు జర్మనీలో, వెంటనే ఇంగ్లండులో, అమెరికాలో గాజు బుడ్డిలో బంధించిన ఫ్లాష్ బల్బు అమ్మకానికొచ్చింది. పొగ లేదు, మంట లేదు. నాలుగు అంగుళాలకు అయిదు అంగుళాల ఫిల్ము పట్టే స్పీడ్ గ్రాఫిక్ కెమెరా, పక్కన గిన్నెలాంటి రిఫ్లెక్టరు, జేబుల్లో బల్బులు - అమెరికన్ పత్రికా ఫొటోగ్రాఫర్ అనగానే సినిమాల్లో చూపించే వేషం ఇదే. ఒక బల్బుకు ఒక ఫొటో. వాడిన బల్బు వేడిగా ఉండగానే పీకి, కొత్తది బిగించి, ఫిల్ము పలక తిప్పి పెట్టుకునేలోపు రెండు మూడు పాయింట్లు అయిపోయేవి. కాబట్టి అతను ఆటను వెంటాడేవాడు కాదు. ఏదో ఒక దూరానికి ఫోకస్ కట్టి ఉంచుకుని, ఆట ఆ చోటికి వచ్చేదాకా కాచుకునేవాడు. ఆ పద్ధతిలో హాలు దీపాలకు చోటే లేదు. సన్న అపెర్చరు, వెలుగును నెమ్మదిగా పట్టే ఫిల్ము, లెన్సులోనే అమరిన షట్టరు కలిసి పైకప్పు నుంచి వచ్చే వెలుగును లేనట్టే చేసేసేవి. బొమ్మ మీద పడేదంతా బల్బు వెలుగే.

ఆనాటి ఫొటోలు చూస్తే ఆ సంగతి పట్టుబడుతుంది. దగ్గరి ఆటగాడు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాడు. అతని వెనక కారుచీకటి. దీపం నుంచి దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు, నాలుగు రెట్లయితే పదహారో వంతుకు పడిపోతుంది కాబట్టి, అవతలి గ్యాలరీలో వందలమంది కూర్చుని ఉన్నా ఫొటోలో ఒక్కరూ ఉండరు. ఇప్పటి కంటికి అది లోపంలా తోస్తుంది కానీ అప్పటి సంపాదకులకు అదే ఆటల ఫొటో. ముఖం స్పష్టం, బంతి స్పష్టం, అచ్చులో నిలుస్తుంది, అంతే కావాలి. ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930ల్లో సిద్ధం చేసిన ఎలక్ట్రానిక్ ఫ్లాష్, సెకనులో కొన్ని వేలవ వంతు మాత్రమే వెలిగి, కదలికను పూర్తిగా గడ్డకట్టించింది. అదే విద్యాలయంలో చదివిన జాన్ మిలి ‘లైఫ్’ పత్రికకు ఆ వెలుగుతో క్రీడాకారులనూ నర్తకులనూ తీశాడు. అప్పటికి ఫొటోగ్రాఫర్ వెలుతురుకు యజమాని. హాలు ఎంత చీకటిగా ఉంటే అతనికి అంత మేలు, ఎందుకంటే అతని దీపానికి పోటీ ఉండదు.

ఈ యజమానితనాన్ని అతను ఎందుకు వదులుకున్నాడు? ఒక కారణం అభిరుచి. 1920ల చివర్లో బెర్లిన్‌లో ఎరిక్ సాలమన్ ఎర్మనాక్స్ అనే చిన్న కెమెరాతో, ఎఫ్/2 లాంటి వెడల్పాటి లెన్సుతో కోర్టు గదుల్లో, దౌత్యవేత్తల సమావేశాల్లో ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసి చూపించాడు. ఎవరి ధ్యాసా చెడకుండా, గదిలో ఉన్న వెలుగుతోనే తీసిన బొమ్మకు ఒక నిజాయితీ ఉందన్న భావన అక్కణ్ణుంచి బలపడుతూ వచ్చింది. తర్వాతి తరానికి గురుస్థానంలో నిలిచిన కార్టియర్-బ్రెసన్ ఫ్లాష్ వాడకాన్ని అమర్యాద కింద లెక్కగట్టాడు. అయితే సాలమన్ తీసింది కుర్చీల్లో కూర్చున్న మంత్రులను. వాళ్లు ఎగిరి బంతి కొట్టరు. ఆ పద్ధతిని ఆటలకు తేవాలంటే ఫిల్ము మారాలి. 1954లో కొడాక్ ట్రై-ఎక్స్ ఫిల్మును 35 మిల్లీమీటర్ల చుట్టల్లో విడుదల చేసింది. కొన్నేళ్లకే ఫిల్ము వెలుగును పట్టే వేగాన్ని కొలిచే ప్రమాణం సవరించడంతో దాని పెట్టె మీద అంకె 400 అయింది. డెవలపర్‌లో ఎక్కువసేపు ఉంచి దాన్నే 800గానో 1600గానో వాడుకోవడం, అంటే ‘నెట్టడం’, పత్రికల డార్క్‌రూముల్లో రోజువారీ పనైపోయింది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చింది. ఒక చుట్టకు ముప్పయ్యారు ఫొటోలు; బల్బు మార్చే గొడవ లేదు.

ఇక్కడ చరిత్రలు పెద్దగా పట్టించుకోని మెలిక ఒకటుంది. కొత్త కెమెరా పాత దీపంతో సరిగా కాపురం చేయలేదు. స్పీడ్ గ్రాఫిక్ లెన్సులోని షట్టరు చాలా వేగాల దగ్గర ఫ్లాష్‌తో కలిసి పనిచేసేది. నికాన్ ఎఫ్‌లో ఫిల్ముకు ముందు అడ్డంగా పరుగెత్తే తెర షట్టరు ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌తో కలిసేది సెకనులో 60వ వంతు దగ్గర, లేదా అంతకన్నా నెమ్మదిగా మాత్రమే. పైగా 400 వేగం ఫిల్ము హాలు వెలుగును కూడా పట్టేసుకుంటుంది. ఫ్లాష్ గడ్డకట్టించిన స్పష్టమైన చెయ్యి ఒకటి, దాని పక్కనే హాలు దీపాలు గీసిన మసక చెయ్యి ఇంకొకటి - ఒకే ఫొటోలో రెండు. అంటే వేగవంతమైన ఫిల్ము ఫ్లాష్‌ను అనవసరం చేయడమే కాదు, దాన్ని చెడగొట్టింది కూడా. అభిరుచి, పరికరం రెండూ ఒకే దిక్కుకు తోశాయి. 1960లకల్లా ఫొటోగ్రాఫర్ తలెత్తి పైకప్పు వైపు చూశాడు. జిమ్ చీకటికి పుట్టిన తేదీ చెప్పమంటే నేను ఈ పదేళ్లనే చూపిస్తాను.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం: వెలుతురు కొలవదగ్గది, అభిప్రాయం కాదు, తక్కువైతే తక్కువే. నిజమే, లెక్క చూద్దాం. సాధారణ స్కూలు జిమ్‌లో నేల దగ్గర 300 లక్స్ వెలుగుందనుకుందాం. ఎఫ్/2.8 లెన్సు, 400 వేగం ఫిల్ము పెట్టుకుంటే సరైన షట్టరు సెకనులో 60వ వంతు దగ్గర తేలుతుంది. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో వెళ్లే స్మాష్ ఆ కాస్త వ్యవధిలో 32 సెంటీమీటర్లు కదులుతుంది. బంతి వ్యాసమే 21 సెంటీమీటర్లు. ఫొటోలో అది బంతిలా కాదు, సొరకాయలా కనిపిస్తుంది. దాన్ని నాలుగు సెంటీమీటర్ల చెరుపుకు తగ్గించాలంటే 500వ వంతు షట్టరు కావాలి. అంటే 3200 వేగం, లేదా ఎఫ్/1.8 లెన్సుతో 1600కు నెట్టిన ట్రై-ఎక్స్. ఈ అంకెల్ని కాదనేవాళ్లెవరూ లేరు. కానీ అదే 300 లక్స్ కింద పిల్లలు బంతిని చూడగలుగుతున్నారు, రిఫరీ గీత మీద పడిందో బయట పడిందో చెప్పగలుగుతున్నాడు, గ్యాలరీలో అమ్మమ్మ మనవరాలిని గుర్తుపట్టగలుగుతోంది. హాలు ఎవరి కోసం కట్టారో వాళ్లకు వెలుతురు చాలింది. అంతర్జాతీయ నిబంధనల పుస్తకం చాలా ఏళ్లు 1000 నుంచి 1500 లక్స్ అడిగింది. పెద్ద పోటీలకు కెమెరాలు వస్తాయి, స్కూలు పోటీకి రావు అన్న అంచనా ఆ తేడా వెనక లేదని ఎవరనగలరు? లక్స్ అనేది కొలత, ‘చాలదు’ అనేది తీర్పు. ఆ తీర్పు ఎవరిదన్నదే నేనడుగుతున్నది.

ఈ కొరత ఫొటోగ్రాఫర్లకు ఒక కొత్త విద్య నేర్పింది, అది చెప్పకపోతే వాళ్లకు అన్యాయం. ఎగిరిన మనిషి పైకి చేరుకున్నాక, ఆ శిఖరానికి అటూ ఇటూ సెకనులో ఇరవయ్యో వంతు లోపల ఒళ్లు కదిలేది సెంటీమీటరు చిల్లర మాత్రమే. ఆ క్షణం పట్టుకుంటే 125వ వంతు షట్టరుతోనూ ముఖం నిలుస్తుంది. చెయ్యి, బంతి కాస్త చెరిగినా అది వేగంలా కనిపిస్తుంది గానీ తప్పులా కనిపించదు. దీపాలు నడినెత్తిన ఉంటాయి కాబట్టి, వంగి బంతి తీసే అమ్మాయి కళ్లు నీడలో కూరుకుపోతాయి. బంతి కోసం తలెత్తిన లిఫ్టర్ ముఖం మీద మాత్రం నిండుగా వెలుగు పడుతుంది. వాలీబాల్ ఫొటోల్లో పైకి చూసే ముఖాలు అన్ని ఉండటంలో ఆట స్వభావం ఎంతో, పైకప్పు దీపాల పాత్రా అంతే ఉంది.

నలుపు-తెలుపు ఉన్నంతకాలం బాధ వెలుతురు పరిమాణంతోనే. రంగు రాగానే దాని గుణం కూడా బయటపడింది. ఆ మధ్యకాలంలో జిమ్‌ల పైకప్పు మారిపోయింది. విద్యుత్తు తక్కువ కాలుతుందని, ఎక్కువ కాలం మన్నుతుందని పాత ఫిలమెంటు బల్బుల స్థానంలో మెర్క్యురీ ఆవిరి దీపాలు, ఆ తర్వాత 1960ల్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో గిల్బర్ట్ రైలింగ్ అభివృద్ధి చేసిన మెటల్ హాలైడ్ దీపాలు వచ్చాయి. 400 వాట్ల మెటల్ హాలైడ్ గిన్నె, దాని కింద బంతి తగలకుండా తీగ జల్లెడ, చాలా ఏళ్లు అమెరికన్ జిమ్ అంటే అదే. మెర్క్యురీ వెలుగులో ఎరుపు దాదాపు ఉండదు. చర్మం పాలిపోయి ఆకుపచ్చకు తిరుగుతుంది. మెటల్ హాలైడ్ కొంత మెరుగైనా, వయసు మీదపడే కొద్దీ మూడో వంతుకు పైగా వెలుగు పోగొట్టుకుంటుంది, ఒక్కో దీపం ఒక్కో రంగుకు జారుతుంది. 1982లో రంగుల పుటలతో మొదలైన యూఎస్ఏ టుడే చూసి ఊరి పత్రికలు కూడా ఒకదాని వెనక ఒకటి రంగులోకి మళ్లాయి. నలుపు-తెలుపులో ఇరవై ఏళ్లు దాక్కున్న ఆకుపచ్చ ముఖాలు అప్పుడు పాఠకుడి ముందుకొచ్చాయి. దీపం మార్చేటప్పుడు బడి అధికారులు కరెంటు బిల్లు చూశారు, కెమెరాను చూడలేదు. చూడాల్సిన పనీ వాళ్లది కాదు.

రెండో అభ్యంతరం ఇంకాస్త బరువైనది. ఫ్లాష్ వదిలేసింది అభిరుచితోనూ కాదు, పరికరంతోనూ కాదు, ఆటగాళ్ల రక్షణ కోసం అంటారు. వాలీబాల్‌లో ఇది గట్టి మాటే. బంతి వైపు చూస్తూ ఎగిరిన పిల్ల కళ్లలో కోర్టు పక్కనుంచి ఫ్లాష్ కొడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. చాలాచోట్ల నిర్వాహకులు ఫ్లాష్ వద్దనడానికి కారణం అదే. కానీ ఇది కెమెరా మీద పెట్టుకునే ఫ్లాష్‌కు సరిపోయినంతగా పైకప్పుకు బిగించిన స్ట్రోబులకు, అంటే పెద్ద ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌లకు, సరిపోదు. 1965 మే 25న మెయిన్ రాష్ట్రం లూయిస్టన్ అనే చిన్న ఊళ్లో, యువజనుల ఐస్ హాకీ కోసం కట్టిన హాల్లో మహమ్మద్ అలీ, సోనీ లిస్టన్ బాక్సింగ్‌లో తలపడ్డారు. నేల మీద పడి ఉన్న లిస్టన్ మీదికి వంగి గద్దిస్తున్న అలీని నీల్ లీఫర్ రంగుల్లో తీసిన ఫొటో లోకప్రసిద్ధం. ఆ రంగు, ఆ స్పష్టత హాలువి కావు. రింగు పైన స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ కోసం వేలాడదీసిన స్ట్రోబులవి. అదే ఘడియను అసోసియేటెడ్ ప్రెస్ తరఫున జాన్ రూనీ నలుపు-తెలుపులో పట్టాడు. అంటే, స్కూలు జిమ్‌కు తమ్ముడి లాంటి హాల్లోకి కూడా, అవసరమని తోస్తే, వెలుతురును మోసుకొచ్చారు. తర్వాతి దశాబ్దాల్లో వృత్తి బాస్కెట్‌బాల్ అరీనాల పైకప్పుల్లో స్ట్రోబులు మామూలైపోయాయి; ఆటగాళ్లు వాటికి అలవాటుపడ్డారు. స్కూలు వాలీబాల్‌కు ఆ ఏర్పాటు రాకపోవడానికి కళ్ల భద్రత ఒక కారణమే. ఒక సాయంత్రపు ఆటకు నిచ్చెనలెక్కి దీపాలు కట్టేంత విలువ దాని ఫొటోకు ఏ పత్రికా ఇవ్వకపోవడం అంతకన్నా పెద్ద కారణం.

ఆ విలువ ప్రస్తావన వచ్చాక 1972ను దాటిపోలేం. ఆ ఏడాది జూన్ 23న సంతకమైన చట్టంలోని తొమ్మిదో అధికరణం, అదే టైటిల్ నైన్, ప్రభుత్వ సొమ్ము అందుకునే విద్యాసంస్థల్లో స్త్రీపురుష వివక్షను నిషేధించింది. అంతకుముందు విద్యా సంవత్సరంలో అమెరికన్ హైస్కూలు క్రీడల్లో అబ్బాయిలు సుమారు 36.7 లక్షలు, అమ్మాయిలు సుమారు 2.94 లక్షలు. ఇప్పుడు అమ్మాయిలు 30 లక్షలు దాటారు; వాలీబాల్ ఒక్కటే 4 లక్షలకు పైగా అమ్మాయిలు ఆడుతున్నారు. ఇన్ని జట్లకు, ఇన్ని సాయంత్రాలకు పత్రికల ఫొటోగ్రాఫర్లు ఎక్కడ సరిపోతారు? అబ్బాయిల ఫుట్‌బాల్ శుక్రవారం రాత్రి స్టేడియం ఫ్లడ్‌లైట్ల కింద జరిగేది, పత్రిక అక్కడికి మనిషిని పంపేది. అమ్మాయిల వాలీబాల్‌కు కెమెరా పట్టుకొచ్చే బాధ్యత చాలావరకు విద్యార్థుల మీద, తల్లిదండ్రుల మీద పడింది. జిమ్ వెలుతురు మీద ఫిర్యాదు అంత విస్తారంగా వినిపించడానికి ఇది ముఖ్య కారణం అనుకుంటాను. వెనకటికి ఆ హాల్లోకి వచ్చినవాడు బల్బుల సంచీతోనో, 1600కు నెట్టిన ఫిల్ముతోనో, ఎఫ్/1.8 లెన్సుతోనో వచ్చిన వృత్తికారుడు. కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో ఎఫ్/5.6 జూమ్ లెన్సు. హాలు అదే, అందులో నిలబడే మనిషి మారాడు.

డిజిటల్ కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. 1999 నాటి నికాన్ డీ1 గరిష్ఠ వేగం 1600, అదీ రంగు మచ్చలతో. 2003లో కానన్ వెయ్యి డాలర్లకు లోపు డిజిటల్ ఎస్ఎల్ఆర్ ఇచ్చింది. దానికి తోడు చవకైన 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు కొనుక్కోమన్నదే జిమ్‌లకు వెళ్లే తల్లిదండ్రులకు దొరికే మొదటి సలహా. 2007లో నికాన్ డీ3 6400 వేగం దగ్గర కూడా అచ్చుకు పనికొచ్చే బొమ్మ ఇచ్చింది. పైన వేసిన లెక్కకు అది చాలు, ఇంకా మిగులు. అయితే వేగం పెరగగానే కొత్త చిక్కు. అమెరికా కరెంటుపై మెటల్ హాలైడ్ దీపం సెకనుకు 120 సార్లు ఎక్కుతూ తగ్గుతూ ఉంటుంది. 500వ వంతు షట్టరు ఆ చక్రంలో పావు భాగమే చూస్తుంది. అందుకే వరసగా తీసిన మూడు ఫొటోల్లో ఒకటి పసుపు, ఒకటి నీలి, ఒకటి మసక. నెమ్మది షట్టరుతో రంగు నిలుస్తుంది కానీ బంతి చెరుగుతుంది. 2014లో కానన్ 7డీ మార్క్ 2 ఆ దీపాల లయను కనిపెట్టి, వెలుగు పతాకస్థాయికి చేరినప్పుడే షట్టరు విడిచే ఏర్పాటు తెచ్చింది. గమనించారా, సమస్యను హాలు తీర్చలేదు. మళ్లీ కెమెరా కొన్నవాడే తీర్చుకున్నాడు. బల్బు ఖర్చు ఒకప్పుడు పత్రికది. ఫిల్ము నెట్టే శ్రమ డార్క్‌రూము ఉద్యోగిది. సెన్సరు, లెన్సు, ఈ మధ్య మచ్చలు తుడిచే సాఫ్ట్‌వేరు ఖర్చు ఇంటిది. అరవై ఏళ్లుగా బరువు చేతులు మారుతూ కిందికి దిగుతూ వచ్చింది.

ఇంత మెరుగైన కెమెరాలు వచ్చాక కూడా ఫిర్యాదు ఎందుకు పోలేదని అడగవచ్చు. అడిగేది కూడా పెరిగింది కాబట్టి. 500వ వంతుతో సంతృప్తిపడినవాళ్లు ఇప్పుడు 1000వ వంతు కోరుతున్నారు. ఒక మంచి ముఖం చాలనుకున్నచోట ఆడిన ప్రతి పిల్లకూ పది ఫొటోలు కావాలి. ఈలోగా బడులు మెటల్ హాలైడ్‌లను దించి ఎల్ఈడీలు బిగిస్తున్నాయి. కారణం పాతదే, కరెంటు బిల్లు. దానితో పాటు, పాత దీపం ఆరితే మళ్లీ వెలగడానికి నిమిషాల తరబడి ఆగాల్సిన బెడద తప్పుతుంది. చాలా జిమ్‌లలో వెలుగు పెరిగింది, రంగు కుదుటపడింది. కానీ చవక రకం ఎల్ఈడీ డ్రైవర్లు, వెలుగు తగ్గించే డిమ్మర్లు వెలుగును కంటికి అందని వేగంతో ఆర్పి వెలిగిస్తుంటాయి. షట్టరు చప్పుడు లేకుండా సెన్సరును వరస వరసగా చదివే కొత్త కెమెరాల్లో, ఫోన్లలో అది అడ్డచారలుగా పడుతుంది. కొత్త దీపాలకు టెండరు పిలిచేటప్పుడు ఈ ఆరి వెలగడం (ఫ్లికర్) గురించి ఒక్క షరతు చేరిస్తే ఈ చారల్లో ఎక్కువ భాగం పోతాయి. ఆ షరతు రాయించాలంటే జిమ్‌లో ఫొటోలు కూడా తీస్తారని ముందుగా బడి లెక్కలోకి రావాలి.